బొట్టు కింది స్క్రూ

శనివారం సాయంత్రం అయిదింటిలోగా చేయాల్సిన పనులు, మా మేనేజర్ శశిధర్ సారు తెల్లబోర్డు మీద స్వయంగా రాసినవి:

సూర్యకళ మేడమ్ కారు ఐడ్లింగ్ సరిచేయాలి.
ఐడిల్ మోటార్ మార్చాలి. మార్చాం, తగ్గలేదు.
థ్రాటిల్ సెన్సర్ మార్చాలి. మార్చాం, తగ్గలేదు.
ఇంజిన్ కంప్యూటర్ మార్పించుకునేలా మేడమ్‌ను ఒప్పించాలి.
మేడమ్‌కు టీ ఇవ్వాలి.
కారణ నివేదికలో బాధ్యుడి పేరు రాసి సంతకం చేయాలి.

వీటిలో అనుకున్నది అనుకున్నట్టు గడువుకంటే ముందే పూర్తయింది ఆఖరిది ఒక్కటే. శుక్రవారమే అయిపోయింది. రాసిన పేరు బుచ్చిబాబుది. కింద సంతకం నాది.

నా పేరు నరేందర్. బీటెక్ మెకానికల్. మా వంశంలో పదో తరగతి దాటిన మొదటివాణ్ణి. మా నాయన నాచారంలోనే ఒక మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. నేను అక్కడికి రెండు వీధుల అవతల కార్ల సర్వీస్ సెంటర్లో అడ్వైజర్‌ని. తెల్లచొక్కా వేసుకుని, టెక్నీషియన్లు చెప్పింది కస్టమర్‌కు ఇంగ్లీషులో చెప్పడం నా ఉద్యోగం. నాకు ఇంజిన్ తెలియాల్సిన అవసరం లేదు. అది తెలియదన్న సంగతి కస్టమర్‌కు తెలియకుండా చూసుకుంటే చాలు. నాలుగేళ్లు చదివింది ఇందుకేనని మా నాయనకు ఇప్పటికీ చెప్పలేదు.

మా సెంటర్లో వెయిటింగ్ హాలుకు ఏసీ ఉంది. గోడ నిండా ఫ్రేము కట్టిన సర్టిఫికెట్లున్నాయి. పెద్ద టీవీ ఉంది. అద్దాల అవతల బండ్లు చెడిపోతూ ఉంటాయి.

సూర్యకళ మేడమ్‌ది ఉప్పల్‌లో ఆడవాళ్ల డ్రైవింగ్ స్కూల్. బండి ఒక్కటే, ఇరవై ఏళ్ల నాటి తెల్ల కారు. పాతదే గాని కార్బురేటర్ బండి కాదు, ఫ్యూయల్ ఇంజెక్షన్‌ది. పెట్రోల్ ఎంత పోయాలో, నిలబడి ఉన్నప్పుడు గాలి ఎంత ఇవ్వాలో కంప్యూటరే చూసుకుంటుంది. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఆ ఇంజిన్ నిమిషానికి ఎనిమిది వందల చుట్లు తిరగాలి. దాన్నే ఐడ్లింగ్ అంటారు. మూడు వారాలుగా ఆ కారులో సూది పదిహేను వందలకు ఎగబాకుతోంది, తొమ్మిది వందలకు జారుతోంది, మళ్లీ ఎగబాకుతోంది. పక్కన నిలబడితే మెట్లెక్కి వచ్చిన మనిషి రొప్పినట్టు వినిపిస్తుంది.

“నా దగ్గరికొచ్చే ఆడోళ్లు స్టీరింగ్ పట్టుకుంటెనే వణుకుతరు తమ్మీ,” అంది మేడమ్ మొదటి రోజు నాతో. “గీ బండేమో కాలు పెట్టకముందే ఉరుకుతది. మొన్న ఉప్పల్ రింగురోడ్డు సిగ్నల్ కాడ ఒకామె క్లచ్ ఇడిసిందో లేదో ముంగటున్న ఆటోను గుద్దింది. ఆటో ఆయన దిగి నన్ను తిట్టలె. బండిని తిట్టిండు. గంత పరువు పోయింది నాది.”

సోమవారం ఆ బండికి ఫిట్‌నెస్ పరీక్ష. పొగ కూడా ఐడ్లింగ్‌లోనే చూస్తారు. ఇంజిన్ ఇలా రొప్పుతుంటే పాస్ కాదు. పాస్ కాకపోతే స్కూలుకు బండి లేదు.

మా టెక్నీషియన్లు స్కానర్ పెట్టారు. స్కానర్ ఒక కోడ్ చూపించింది. ఐడ్లింగ్ ఉండాల్సినదానికన్నా ఎక్కువగా ఉంది అని దానర్థం. ఆ మాట మేడమ్ లోపలికి వస్తూనే ఉచితంగా చెప్పింది. కాని మేడమ్‌కు ప్రింటర్ లేదు కదా, ఆ కోడ్‌ను కాగితం మీద అచ్చు వేయించి, ఆ కాగితం చూపించి ఐడిల్ మోటార్ మార్చారు. వారం తర్వాత థ్రాటిల్ సెన్సర్ మార్చారు. ఇక కంప్యూటరే పోయిందన్నారు. కంప్యూటర్ పోయిందని చెప్పింది కూడా ఆ కంప్యూటరే. ఇందులో ఏదో తేడా ఉందని మా సెంటర్లో ఎవరికీ తోచలేదు.

తోచిన మనిషి ఒకడున్నాడు. అతను వాషింగ్ బేలో బండ్లు కడిగేవాడు.

బుచ్చిబాబుది కాకినాడ దగ్గర పల్లె. ముప్పై ఏళ్ల కిందట వచ్చి అంబర్‌పేట్‌లో ఒక గ్యారేజీలో పనిచేశాడు. ఆ గ్యారేజీ మూతపడ్డాక మా దగ్గర చేరాడు. చదువు ఏడో తరగతి. టెక్నీషియన్ గ్రేడుకు ఐటీఐ సర్టిఫికెట్ కావాలి, అది లేదు. అందుకని అతని చేతికి నీళ్ల పైపు ఇచ్చారు. థ్రాటిల్ బాడీ కడగడం కూడా క్లీనింగ్ ప్యాకేజీలో రాసుకున్నారు కాబట్టి ఆ పని కూడా అతనిదే. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ద్వారం అది. లోపల పళ్లెంలాంటి రేకు ఉంటుంది. కాలు తొక్కితే తెరుచుకుంటుంది, తీస్తే మూసుకుంటుంది.

జనవరిలో సర్వీసుకు వచ్చినప్పుడు ఆ తెల్ల కారు థ్రాటిల్‌ను బుచ్చిబాబు శుభ్రంగా కడిగాడు. లోపల మసి అంతా తీశాడు. వారం తిరగకుండా బండి రొప్పడం మొదలైంది.

“గాలెక్కువెళ్తోందండి లోపలికి,” అని రెండుసార్లు చెప్పాడు శశిధర్ సారుతో. “సామాన్ల దోషం కాదండి అది.”

“బుచ్చిబాబూ, స్కానర్ చదవడం వచ్చా నీకు?”

“రాదండి.”

“మరి?”

అంతే. మరి అన్న ఒక్క మాటతో ముప్పై ఏళ్ల పని కొట్టుకుపోయింది.

శుక్రవారం హెడ్డాఫీసు కారణ నివేదిక అడిగింది. రెండు సామాన్లు మార్చినా బండి బాగవలేదంటే ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. ఫారంలో గడి ఖాళీగా ఉంటే ఆఫీసు కంప్యూటర్ తీసుకోదు. శశిధర్ సారు నన్ను అద్దాల గదిలోకి పిలిచాడు.

“ప్రాబ్లం ఎప్పుడు స్టార్ట్ అయింది నరేందర్?”

“థ్రాటిల్ క్లీనింగ్ అయినంక సార్.”

“క్లీన్ చేసింది ఎవరు?”

“బుచ్చన్న.”

“ఫ్యాక్ట్ కదా అది? ఫ్యాక్ట్ రాయడానికి భయమెందుకు? నువ్వు ఇంజినీర్‌వి, నీ సైన్‌కి వాల్యూ ఉంటది. శనివారం అయిదింటికల్లా బండి సెట్ అయితే సరే. లేకపోతే సోమవారం నుంచి ఆయన రానక్కర్లేదు.”

నా సంతకానికి విలువ ఉందని ఎవరైనా అనడం అదే మొదటిసారి. పెట్టేశాను. గీత కూడా లాగాను కింద.

శనివారం పొద్దున్నే సూర్యకళ మేడమ్ వచ్చి, ఏసీ హాల్లో కాకుండా షెడ్డులో బండి పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చుంది. నేను టీ తీసుకెళ్లాను. బోర్డు మీద ఉంది కదా.

“ఛాయ్ బాగుంది తమ్మీ. గీ ఛాయ్ ఇంజిన్ల పోస్తె నిలబడ్తదేమో సూడరాదు?”

“కంప్యూటర్ మార్పిస్తే మేడమ్…”

“రేపు నన్ను గూడ మార్పియ్యమంటరు. డ్రైవర్ ఫాల్టని.”

మధ్యాహ్నం టెక్నీషియన్లు భోజనానికి పోయారు. శశిధర్ సారు గదిలో ఫోన్ మీటింగ్‌లో ఉన్నాడు. బుచ్చిబాబు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. తన పేరు నివేదికలో ఉందని అతనికి తెలుసు. మా సెంటర్లో రహస్యాలు వాషింగ్ బేకే ముందు చేరతాయి.

“అమ్మగారూ, ఒక గంట ఇస్తారా బండి?”

“మూడు వారాలు ఇచ్చిన వీళ్లకు. నీకు గంటెంత? తీస్కో అన్న.”

నేను అడ్డుపడాలి. గ్రేడు లేని మనిషి బానెట్ ఎత్తకూడదన్నది రూలు. రూలు చెప్పడానికే నాకు జీతం. నోరు తెరిచాను కూడా. మేడమ్ నావైపు చూసింది. మూసుకున్నాను.

అతను ముందు ఇంజిన్ వేడెక్కనిచ్చాడు. ఫ్యాను తిరిగి ఆగేదాకా ఊరికే నిలబడ్డాడు. ఏసీ, లైట్లు ఆపించాడు. తర్వాత తన స్టీలు గ్లాసు తెచ్చి, అంచుదాకా నీళ్లు నింపి ఇంజిన్ మీద పెట్టాడు. నీళ్లు ఒలికి వేడి రేకు మీద చుర్రుమన్నాయి.

“ఇదేందన్నా?” అన్నాను.

“మా గ్యారేజీ స్కానరండి ఇంజినీరు గారూ. కోడ్లు రావు దీంట్లో. ఒలికితే బాలేదు, ఒలక్కపోతే బాగుంది.”

మేడమ్ పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, అందులో నాకు ఇంగ్లీషులో చెప్పడానికి ఏమీ లేదు.

కటింగ్ ప్లేయర్‌కు గుడ్డ చుట్టి గాలి గొట్టాలను ఒక్కొక్కటీ నొక్కాడు. బ్రేకుకు వెళ్లేది నొక్కాడు, సూది మారలేదు. ఇంకొకటి నొక్కాడు, మారలేదు. ఇంజిన్‌కు గాలి పంచే గొట్టం అతుకుల చుట్టూ నీళ్లు చిలకరించాడు. పగులుంటే ఆ నీటికి ఇంజిన్ చప్పుడు మారాలి. మారలేదు.

“పక్కనుంచి గాలి దూరట్లేదు. గొట్టాలు మంచివే,” అన్నాడు.

థ్రాటిల్ మీది రబ్బరు గొట్టం విప్పి పక్కకు తీశాడు. లోపలి గోడకు ఒక చిన్న రంధ్రం ఉంది. కాలు తీసేసినప్పుడు ఇంజిన్‌కు గాలి దొరికేది ఆ దారిలోనే. ఎంత ఇవ్వాలో ఐడిల్ మోటార్ చూసుకుంటుంది. అతను ఆ రంధ్రాన్ని వేలితో మూసేశాడు.

“ఇప్పుడు బండి ఆగిపోవాలండి. ఊపిరి మూసేశాను కదా.”

బండి ఆగలేదు. హాయిగా పన్నెండు వందల మీద తిరుగుతోంది.

“సూసేరా? ఇది మూసినా తిరుగుతోందంటే మోటార్ దారి కాదది. ఎదురుగా ఉన్న పెద్ద రేకే సందు ఇస్తోంది. కేబుల్ లూజుగానే ఉంది, అది లాగట్లేదు. మరి రేకును మూసుకోనివ్వకుండా పట్టుకున్నదేంటి?”

రేకు ఎంతవరకు మూసుకోవాలో ఆపడానికి థ్రాటిల్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. ఫ్యాక్టరీలోనే బిగించి పైన రంగు చుక్క పెడతారు. దాన్ని ఎవరూ తిప్పకూడదు. బుచ్చిబాబు చెయ్యి అక్కడికి వెళ్లి ఆగింది. ఆ స్క్రూ మీద గంధం, గంధం మీద కుంకుమ. ఎండి గట్టిపడి, బిళ్లలా అతుక్కుని ఉంది.

దసరా ఆయుధపూజ నాటి బొట్టు అది.

దసరా నుంచి ఆ బానెట్ ఎన్నిసార్లు ఎత్తారో జాబ్‌కార్డులు చెబుతాయి. మోటార్ మార్చినవాడు ఎత్తాడు, సెన్సర్ మార్చినవాడు ఎత్తాడు, నివేదికకు ఫొటోలు తీసినవాడు ఎత్తాడు. పూజ బొట్టు కదా, ఒక్కరూ తుడవలేదు. బుచ్చిబాబు కూడా జనవరిలో లోపలంతా అద్దంలా కడిగి ఆ ఒక్క బొట్టును వదిలేశాడు. కస్టమర్ కంప్యూటర్‌ను పీకి పారేద్దామనడానికి మా సెంటర్లో ఎవరూ వెనకాడలేదు. బొట్టు దగ్గర మాత్రం అందరం భక్తులమే.

“తప్పు నాదీ ఉందండి,” అన్నాడు బుచ్చిబాబు. ఇంజిన్‌కు ఒక దండం పెట్టి, తడిగుడ్డతో బొట్టు తుడిచాడు.

కింద రంగు చుక్క చిట్లి ఉంది. స్క్రూ కదలకుండా పట్టి ఉంచే లాక్‌నట్టు మూలలు అరిగి తెల్లగా మెరుస్తున్నాయి.

“ఎవడో తిప్పేడు.”

ఎవడో కాదు. నేను.

ఉద్యోగంలో చేరిన మొదటి నెల అది, దసరా ముందు రోజు. అప్పుడు ఆ కారుది వేరే గొడవ, సిగ్నళ్ల దగ్గర ఆగిపోయేది. లోపల మసి పేరుకుని గాలి సరిపోయేది కాదు. సెంటర్లో రద్దీ, టెక్నీషియన్లు దొరకలేదు. కాలేజీ ల్యాబ్‌లో ఒక కార్బురేటర్‌ను నిలువుగా కోసి పెట్టి ఉండేది. ఐడ్లింగ్ తక్కువైతే స్క్రూ తిప్పాలని దాని ముందు నిలబడి నాలుగేళ్లు చదివాను. వైవాలో చెప్పాను. మార్కులు కూడా వచ్చాయి. తిప్పాను. బండి నిలబడింది. నా చదువు మొదటిసారి పనికొచ్చిందని నాకు కళ్లు చెమ్మగిల్లాయి కూడా, దాచుకోవడమెందుకు. మర్నాడు ఆ కారుతో సహా షెడ్డులో ఉన్న బండ్లన్నిటికీ జరిగిన పూజలో ఇంజినీరునని బొట్లు పెట్టే పని నాకే ఇచ్చారు. ఆ స్క్రూ మీద, నేను సాధించిన విజయం మీద, ప్రత్యేకంగా మందంగా గంధం పెట్టాను.

జనవరిలో బుచ్చిబాబు మసి తీసేసరికి, మసి మూసిపెట్టిన సందూ నేను తెరిచిన సందూ కలిసి గాలి ఎక్కువైంది. కంప్యూటర్ తన మోటార్ దారి మొత్తం మూసినా ఆగని గాలి. పెట్రోల్ ఆపుతుంది, సూది పడుతుంది, మళ్లీ పోస్తుంది, ఎక్కుతుంది. అదీ రొప్పు. పని సరిగ్గా చేసిన మనిషి వల్ల, తప్పు చేసిన మనిషి తప్పు బయటపడింది. నివేదికలో మాత్రం తిరగేసి ఉంది.

చెప్పాలి. మేడమ్ అక్కడే ఉంది. చెప్పలేదు.

బుచ్చిబాబు జేబులోంచి సిటీబస్సు టికెట్ తీశాడు. స్క్రూకూ రేకు లివర్‌కూ మధ్య పెట్టి, టికెట్‌ను లాగుతూ స్క్రూ వెనక్కి తిప్పాడు. టికెట్ వదులుగా జారేదాకా తిప్పి, మళ్లీ ముందుకు తెచ్చి, పట్టీ పట్టనట్టు పట్టుకున్న చోట ఆపాడు. నట్టు బిగించాడు. బ్యాటరీ వైరు తీసి కాసేపు ఉంచాడు, కంప్యూటర్ పాత లెక్క మరిచిపోవాలని. గొట్టం బిగించి స్టార్ట్ చేయించాడు.

సూది పైకెక్కింది. ఇంజిన్ వేడెక్కుతున్న కొద్దీ మెల్లగా దిగింది. ఎనిమిది వందల దగ్గర కూర్చుంది. కదలలేదు.

గ్లాసు మళ్లీ నింపి పెట్టాడు. నీళ్ల మీద సన్నటి వణుకు తప్ప చుక్క ఒలకలేదు. సూర్యకళ మేడమ్ కుర్చీలోంచి లేచి, ఆ గ్లాసు తీసుకుని నీళ్లు తాగేసింది.

“మస్తున్నయ్ నీళ్లు. గా ఏసీ రూముల సర్టిఫికెట్లన్ని దించి గీ గ్లాసు పెట్టున్రి ఫ్రేము కట్టి,” అంది నాతో.

అయిదింటికి ఇంకా రెండు గంటల టైముంది. నేను అద్దాల గదిలోకి పోయాను.

“సార్, బండి సెట్ అయింది. బుచ్చన్న చేసిండు. స్టాప్ స్క్రూ తిప్పి ఉండె. తిప్పింది నేను సార్, దసరాకు. నివేదికల నా పేరు రాస్త.”

శశిధర్ సారు ల్యాప్‌టాప్ మూయకుండానే విన్నాడు.

“మెయిల్ నిన్ననే పోయింది నరేందర్.”

“ఇంకోటి పంపుదాం సార్. బండి సెట్ అయితే సరే అన్నరు కదా మీరు.”

“సెట్ అయింది కాబట్టే చెప్తున్నా. స్కానర్‌కి దొరకనిది ఆయనకి గంటలో ఎట్ల దొరికింది? ముందే తెలిసి ఉండాలె కదా? తెలిసిందంటే చేసింది ఆయనే అన్నట్టు.”

“నేను తిప్పిన అంటున్న కదా సార్!”

“మెల్లగ. చూడు, నువ్వు బీటెక్. ఇంజినీర్ స్క్రూ తిప్పి పాడు చేసిండని కస్టమర్‌కి చెప్తామా? సెంటర్ పేరేం కావాలె? ఆయనదేముంది, వాషింగ్ బే. ఎక్కడ పోయినా నీళ్లుంటయి. పో, బిల్లులో ఐడిల్ కాలిబ్రేషన్ అని రాయి.”

ఆ తెలివికి నాలుగు సర్టిఫికెట్లున్నాయి గోడ మీద. నాకు తెలిసి ఒక్కదానిలోనూ ఇంజిన్ ప్రస్తావన లేదు.

బయటికొచ్చి ఈసారి మేడమ్‌కు అంతా చెప్పాను, స్క్రూ తిప్పిందీ, నిన్న నివేదిక మీద సంతకం పెట్టిందీ. బిల్లు మీద కాలిబ్రేషన్ అని రాయలేదు, స్క్రూ సంగతి రాశాను. ఆమె బిల్లు పూర్తిగా చదివింది.

“నాకెందుకు జెప్తున్నవ్ తమ్మీ గిప్పుడు? నిన్న సంతకం పెట్టేటప్పుడు చేతికి తెల్వలేదా?”

కారు తాళాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

సోమవారం నుంచి రానక్కర్లేదని సారు కబురు పంపాక, అయిదింటికి బుచ్చిబాబు గ్లాసు, గుడ్డ, చెప్పులు సంచిలో సర్దుకుని గేటు దాటాడు. నేను వెనక పరుగెత్తాను.

“బుచ్చన్నా, నేనే తిప్పిన.”

“తెలుసండి.”

“ఎట్ల?”

“ఎనిమిదో నంబరు స్పానర్ పట్టుకోవడం రానోడే నట్టు మూలలు అలా తినేస్తాడండి. మన సెంటర్లో అలా పట్టుకునేది తమరొక్కరే.” తిట్టినట్టు లేదు. నట్టు గురించి చెప్పినట్టే చెప్పాడు. “ఇకమీద ఐడ్లింగ్ బండొస్తే ఏ సామాను పోయిందని అడక్కండి ముందు. ఎవరు చెయ్యెట్టేరని అడగండి. సగం రోగం అక్కడే ఉంటదండి.”

చిల్కానగర్ వైపు ఆటో ఎక్కాడు. నేను తెల్లచొక్కాలో నిలబడ్డాను.

సోమవారం మేడమ్ బండి ఫిట్‌నెస్ పాసయింది. ఆ వారమంతా ఆమె శిష్యురాళ్లు ఉప్పల్ సిగ్నల్ దగ్గర ఎవరినీ గుద్దకుండా నిలబడ్డారు. బుచ్చిబాబు లాలాపేట్‌లో ఇంకో సెంటర్లో టెక్నీషియన్ పనికి అడిగాడట. వాళ్లు మా సెంటర్‌కు ఫోన్ చేస్తే, ఫైల్లో ఉన్నది చదివి వినిపించారు. ఆ ఫైల్లో ఉన్నది నా సంతకం. ఇప్పుడతను అక్కడ కూడా బండ్లు కడుగుతున్నాడు. మేడమ్ తన బండి అక్కడికే తీసుకెళ్తుంది. వాషింగ్‌కు అని రాయించి బానెట్ ఎత్తిస్తుంది.

నేనింకా నాచారంలోనే ఉన్నాను. ఎందుకున్నానో చెప్పి మీ జాలి అడగను. హెడ్డాఫీసుకు నా పేరుతో మూడు ఉత్తరాలు రాశాను. మూసేసిన నివేదికను తిరిగి తెరవడం కుదరదని మూడుసార్లూ ఒకే జవాబు వచ్చింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ ఫారంలో బాధ్యుడు అన్న గడిలో నరేందర్ అని చదువుకోండి. సరిచేసినవారు అన్న గడి ఆ ఫారంలో అసలు లేదు. మీరు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, కాలు తీసినా ఇంజిన్ వణక్కుండా తిరుగుతుంటే, ఆ గడి మీ మనసులో గీసుకుని అందులో బుచ్చిబాబు అని రాసుకోండి. అతన్ని గుర్తుపెట్టుకోండి.